పడమటి క్రీట్‌లో బస ఎక్కడ: హన్యాలో ఎన్ని రాత్రులు, దక్షిణ తీరంలో ఎన్ని

గ్రీసు దేశపు క్రీట్ దీవికి పడమటి కొసన ఉన్న ప్రాంతం హన్యా. బుకింగ్ సైట్లలో మనం చానియా అని చదువుకుంటాం గానీ అక్కడివాళ్ళు పలికేది హన్యా అనే. ఈ ప్రాంతానికి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. వారం మొత్తానికీ ఒకే గది తీసుకుని, రోజుకో బీచ్ చొప్పున చూసి రావచ్చనుకుంటారు. మ్యాపులో హన్యా పట్టణం నుంచి ఎలఫోనిసి బీచ్ 75 కి.మీ. అని కనిపిస్తుంది. మన హైవే లెక్కలో అది గంట ప్రయాణం, అక్కడ గంటన్నర. తిరిగి రావడానికి మళ్ళీ అంతే. దక్షిణాన పాలియోహొరా కూడా సుమారు అంతే దూరం. మధ్యలో లెఫ్కా ఓరి, అంటే తెల్ల కొండలు, అడ్డంగా నిలబడి ఉంటాయి. వాటిలో పాఖ్నెస్ శిఖరం ఎత్తు 2,453 మీటర్లు. ఉత్తర తీరం వెంబడి మంచి జాతీయ రహదారి ఉంది. దక్షిణానికి మళ్ళారంటే మాత్రం తిరుమల ఘాట్ రోడ్డులో ఎదురుగా కూడా బళ్ళు వస్తుంటే ఎలా ఉంటుందో అలాంటి దారి.

అందుకే ఏడు రాత్రులుంటే నాలుగు ఉత్తర తీరంలో, మూడు దక్షిణ తీరంలో ఉండాలని మా సలహా. అయిదు లేక అంతకన్నా తక్కువ రాత్రులే ఉంటే దక్షిణం ఊసు మానుకుని హన్యా పట్టణంలోనే ఉండండి. సామాను సర్దడానికీ గది మారడానికీ సగం రోజు పోతుంది, అయిదు రోజుల్లో అంత పోగొట్టుకోలేం.

హోటల్ వెతికేముందు గాలి సంగతి తెలియాలి. జూలై, ఆగస్టుల్లో మెల్తెమి అనే పొడి గాలి ఉత్తరం నుంచి, వాయవ్యం నుంచి వరసగా మూడు నాలుగు రోజులు వీస్తుంది. ఆకాశం నిర్మలంగానే ఉంటుంది, వాన ఉండదు, కానీ ఉత్తర తీరంలో అలలు లేచి చిన్నపిల్లలు నీళ్ళలో దిగే వీలుండదు. సముద్రానికి ఎదురుగా గది తీసుకున్నా ఆ రోజుల్లో బాల్కనీలో గ్లాసు నిలవదు. దక్షిణ తీరంలో అదే గాలి కొండ మీద నుంచి జారి ఈదురుగా కొడుతుంది. కెరటాలు తక్కువే గానీ ఇసుక లేచి ఒంటికి గుచ్చుకుంటుంది, ఎండ కూడా ఉత్తరం కంటే గట్టిగా ఉంటుంది. మే నుంచి జూన్ సగం దాకా, మళ్ళీ సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు చివరి దాకా ఈ బెడద తక్కువ. మేలో నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి కాబట్టి ఈత కోసమే వెళ్ళేవాళ్ళకు సెప్టెంబరు, అక్టోబరు నెలలే మేలు.

ఇక హన్యా పట్టణం. పాత పట్టణంలో వెనీషియన్ల కాలపు రేవు చుట్టూ ఉన్న గదుల ఫోటోలే అందరినీ లాగుతాయి. లైట్‌హౌస్ కనిపించే బాల్కనీ, కింద పడవలు. ఆ బాల్కనీ కిందే రెస్టారెంట్లు, బార్లు కూడా ఉంటాయి. వేసవిలో ఆ సందడి అర్ధరాత్రి దాటినా ఆగదు. కిటికీ మూస్తే చప్పుడు కొంత తగ్గుతుంది, కానీ పాత చెక్క కిటికీలకు రెండు పొరల అద్దం ఉండదు. రేవు అందం చూడాలంటే సాయంత్రం అయిదు నిమిషాలు నడిచి వెళ్తే చాలు, నిద్ర మాత్రం వెనక వీధుల్లో పొండి. పడమటి వైపు తొపానాస్ పేటలో థెయోతోకొపూలూ వీధి పగలు రద్దీగా ఉన్నా రాత్రికి కాస్త సద్దుమణుగుతుంది. రేవుకు ఒక వరస లోపలున్న జాంబెలియూ వీధి మాత్రం మొత్తం భోజన బల్లలే. తూర్పున స్ప్లాంజియా పేట మాకు ఎక్కువ నచ్చుతుంది. గంటగోపురం ఒక పక్కా, మినారు ఇంకో పక్కా ఉన్న సెయింట్ నికొలస్ చర్చి అక్కడే. పెద్ద చెట్టు నీడ ఉన్న ఆ చర్చి ముందరి కూడలి మీదకు తెరుచుకునే గది కాకుండా, రెండు సందులు లోపలికి ఉన్నది చూసుకోండి.

పాత పట్టణపు గదుల్లో అసలు చిక్కు మెట్లతో వస్తుంది. చాలా ఇళ్ళు ఇరుగ్గా, నిలువుగా లేచినవి. పాత కట్టడాలు కాబట్టి లిఫ్టు అరుదు. 'మెజనీన్' లేక 'లాఫ్ట్' అని రాసి ఉంటే అది మన అటక లాంటిదని అర్థం చేసుకోవాలి. పడక పైన, బాత్రూము కింద, మధ్యలో నిచ్చెన లాంటి మెట్లు. పైకప్పు ఎత్తు తక్కువై నిలబడితే తల తగులుతుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తే అలాంటి గది తీసుకోకండి, రాత్రి బాత్రూముకు దిగడమే ప్రమాదం. 'సెమీ బేస్‌మెంట్' అంటే కిటికీ వీధి మట్టంలో ఉంటుంది, గదిలో చెమ్మ వాసన తప్పదు. 'సైడ్ సీ వ్యూ' అంటే బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పితే కనిపించే సముద్రం. దానికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

బుక్ చేసేముందు యజమానికి మెసేజి పెట్టి నాలుగు సంగతులు అడగండి: వీధి నుంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు, కిటికీ బయటి వీధిలోకా లేక లోపలి గోడ మీదకా, టాక్సీ ఎక్కడిదాకా వస్తుంది, రాత్రి పన్నెండు దాటాక కింద ఏ వ్యాపారం నడుస్తుంది. జవాబు సైటు మెసేజిలోనే రాతపూర్వకంగా ఉండాలి, రేపు మాట తేడా వస్తే అదే ఆధారం. పాత పట్టణం సందుల్లోకి చాలాచోట్ల బళ్ళు రానివ్వరు. చక్రాల పెట్టెను రాళ్ళు పరిచిన దారిలో రెండు మూడు వందల మీటర్లు లాగాల్సి వస్తుంది. పెద్ద పెట్టె ఒకటికి బదులు చిన్నవి రెండు తీసుకెళ్ళడం మంచిది.

కారు లేకుండా వెళ్ళేవాళ్ళకు మా మొదటి ఎంపిక పాత పట్టణం కాదు, దానికి ఆనుకుని పడమటి వైపున్న నేయా హోరా. రేవు నుంచి పది పదిహేను నిమిషాల నడక. ఇసుక తీరం, కాస్త దూరం దాకా లోతు లేని నీళ్ళు, ఒడ్డున వరసగా చేపల హోటళ్ళు, వెనక వీధుల్లో మామూలు అపార్ట్‌మెంట్లు. లిఫ్టున్న కట్టడాలు, సూపర్‌మార్కెట్లు, బేకరీలు దగ్గర్లోనే దొరుకుతాయి. కిదోనియాస్ వీధిలో, ఊళ్ళ మధ్య బస్సులు నడిపే కేటీఈఎల్ వాళ్ళ బస్ స్టాండు కూడా నడిచిపోయే దూరమే. ఎలఫోనిసికి పొద్దున బయల్దేరి సాయంత్రం తిరిగొచ్చే బస్సు అక్కడినుంచే, సమరియా లోయకు వేకువ బస్సు కూడా అక్కడినుంచే. ఈ ఒక్క కారణానికే నేయా హోరాకు ఓటు. కారు తీసుకున్నా తాలోస్ కూడలి దగ్గరి పార్కింగ్ స్థలం ఈ వైపే ఉంది. వేసవిలో పొద్దు ఎక్కేసరికి నిండిపోతుంది కాబట్టి బండి తీసిన చోటు మళ్ళీ దొరుకుతుందనుకోకండి.

ఇంకాస్త పడమటికి, నాలుగైదు కి.మీ. దూరంలో ఆయీ అపోస్తొలీ ఉంది. చిన్న చిన్న మలుపుల్లో ఒదిగిన ఇసుక తీరాలు. మెల్తెమి కొట్టే రోజుల్లో పట్టణం చుట్టుపక్కల పిల్లలు దిగగలిగే నీళ్ళు దాదాపు ఇవే. చిన్నపిల్లలుంటే ఇక్కడ ఒక వంటగది ఉన్న స్టూడియో మంచిది.

ఆయా మరీనా (సుమారు 9 కి.మీ.), ప్లతన్యాస్ (సుమారు 11 కి.మీ.) అనేవి హోటళ్ళ వరస. పొడుగాటి ఇసుక తీరం, కొలనులున్న రిసార్టులు, ఎదురుగా అడవి మేకల కోసం కాపాడుతున్న థొదోరూ దీవి. సౌకర్యాలకు కొదవ లేదు, హన్యాకు బస్సులు తరచుగా ఉంటాయి. పాత రోడ్డుకు రెండు పక్కలా హోటళ్ళుంటాయి, ఆ తేడా జాగ్రత్తగా చూడాలి. సముద్రం వైపున్నదయితే బీచ్‌కు నేరుగా నడుస్తారు. కొండ వైపుదయితే పిల్లల్ని పట్టుకుని రద్దీ రోడ్డు దాటాలి, ఎక్కు కూడా ఎక్కాలి. 'బీచ్‌కు 300 మీటర్లు' అనే మాటలో ఎంత ఎత్తు ఎక్కాలో ఉండదు. ప్లతన్యాస్ నడిమధ్యలో క్లబ్బులున్నాయి, నిద్ర కావాలంటే ఆయా మరీనా పడమటి చివరో, ఇంకా దూరంగా మాలెమే వైపో వెళ్ళాలి.

హన్యాకు తూర్పున కలీవెస్, అల్మిరిదా ఉన్నాయి. పట్టణం నుంచి సుమారు 20 కి.మీ., అల్మిరిదా తీరం లోతు తక్కువ, గాలికి కొంత మరుగు. పెద్దవాళ్ళతో నిదానంగా గడపడానికి బాగుంటుంది. కానీ పడమటి బీచ్‌లన్నీ ఇంకో అరగంట దూరమవుతాయి. యోర్యుపోలి తీరం చాలా పొడుగు, గాలి రోజుల్లో నీళ్ళు లోపలికి లాగుతాయి, ఎర్ర జెండా ఉంటే దిగకూడదు. అక్రోతిరి ద్వీపకల్పంలో మరాథి ప్రశాంతమైన బీచే గానీ అక్కడే సైనిక విమానాశ్రయం ఉంది, జెట్ల చప్పుడు వినాల్సి వస్తుంది.

కారున్నవాళ్ళు మాత్రం కిస్సమోస్‌ను తీసిపారేయకూడదు. హన్యాకు పడమట దాదాపు 40 కి.మీ.లో ఉన్న మామూలు ఊరు. అందమైన పాత వీధులు లేవు, గదుల ధరలు మాత్రం హన్యా కంటే తక్కువ. బాలోస్ బీచ్‌కు పడవ బయల్దేరే కవోనిసి రేవు ఊరికి దగ్గర్లోనే ఉంది. ఫలాసర్నా బీచ్ కూడా దగ్గరే. ఎలఫోనిసికి తొపోలియా లోయ మీదుగా పోతే హన్యా నుంచి వచ్చే బస్సుల కంటే ముందే చేరొచ్చు. ఆ దారిలో ఒక్క బండే పట్టే సొరంగం ఉంది, సిగ్నల్ మీద ఒక్కో వైపు వంతులవారీగా వదులుతారు. పొద్దెక్కాక అక్కడే బళ్ళు బారులు తీరతాయి. ఏడున్నరకు కిస్సమోస్ వదిలితే తొమ్మిదిలోపు గులాబీ ఛాయ ఇసుక మీద మీరూ, ఇంకో పదిమందీ ఉంటారు. పదకొండుకు వస్తే గొడుగుల మధ్య నడవడానికి చోటు వెతుక్కోవాలి.

బాలోస్‌కు రోడ్డు మీద పోవాలనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. కలివియాని ఊరు దాటాక సుమారు 8 కి.మీ. మట్టిరోడ్డు. అద్దె కారు కాగితాల్లో 'ఫుల్ ఇన్సూరెన్స్' అని ఉన్నా మట్టిరోడ్డు మీద జరిగిన నష్టం, టైర్లు, బండి అడుగు భాగం మామూలుగా అందులోకి రావు. సంతకానికి ముందు ఆ వాక్యం ఎక్కడుందో చూపించమనండి. పడవే మేలు, అయితే గాలి ఎక్కువైతే పడవ నడవదు. కాబట్టి కిస్సమోస్‌లో ఒక్క రాత్రి కాదు, రెండు రాత్రులుంటేనే బాలోస్ దక్కే అవకాశం.

దక్షిణ తీరానికి వస్తే, ఒక్క ఊరే చెప్పమంటే పాలియోహొరా. సముద్రంలోకి చొచ్చుకుపోయిన సన్నటి నేల మీద ఊరుంది. పడమటి వైపు పాఖియా అమ్మోస్ ఇసుక తీరం, తూర్పు వైపు గులకరాళ్ళ తీరం. రెండింటి మధ్య నడక అయిదు నిమిషాలు. ఒక పక్క గాలి కొడుతుంటే రెండో పక్క నీళ్ళు నిలకడగా ఉంటాయి. గాలి మీద ఇలా పైచేయి ఇచ్చే ఊరు ఈ తీరంలో ఇంకోటి లేదు. వేసవి సాయంత్రాల్లో నడిమి వీధికి బళ్ళు ఆపేసి బల్లలు వేస్తారు, అందుకని ఆ వీధి మీది గది వద్దు. ఇసుక తీరం వెంబడి రోడ్డు మీదున్న గదులకు గాలి రోజుల్లో ఇసుక కొడుతుంది. తూర్పు వైపు రెండో వరస ఇళ్ళు బాగుంటాయి. ఊరి చుట్టూ టొమాటో పండించే ప్లాస్టిక్ షెడ్లు కనిపిస్తాయి, పోస్టుకార్డు అందం కోరేవాళ్ళకు అది నచ్చకపోవచ్చు. హన్యా నుంచి బస్సులో సుమారు రెండు గంటలు. వేసవిలో ఇక్కడినుంచి ఎలఫోనిసికి పడవ, అటు సూయా, ఆయా రూమెలిలకు ఫెర్రీ ఉంటాయి.

సూయా ఇంకా చిన్నది. పొడవాటి గులకరాళ్ళ తీరం, చెప్పుల్లేకుండా నడవలేం, నీటి బూట్లు తప్పనిసరి. నడక మీద మక్కువ ఉన్నవాళ్ళకు ఆయా ఇరీని లోయ, ప్రాచీన లిస్సోస్ శిథిలాల దారి దగ్గర్లోనే.

లూత్రోకు రోడ్డే లేదు. దక్షిణ తీరంలోని హోరా స్ఫకియోన్ రేవులో కారు వదిలి ఇరవై నిమిషాలు పడవలో పోవాలి, లేదా కొండ అంచు వెంబడి కాలిబాటలో నడవాలి. మలుపులో ఒదిగిన తెల్లని ఇళ్ళు, నీళ్ళు సరస్సులా నిశ్చలం. దాదాపు ప్రతి గదికీ సముద్రం కనిపిస్తుంది కాబట్టి ఇక్కడ 'సీ వ్యూ' కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. వెనక రాతి కొండ పగలంతా కాగి రాత్రి ఆ వేడి వదులుతుంది. జూలై, ఆగస్టుల్లో ఏసీ పనిచేస్తుందని నిర్ధారించుకోండి. ఉప్పూ పప్పూ మొత్తం పడవ మీదే రావాలి, కాబట్టి భోజనం ధర కాస్త ఎక్కువ. నగదు హోరా స్ఫకియోన్‌లోనే తీసుకుని వెళ్ళండి. రెండు రాత్రులు చాలు, మూడోరోజు చిన్నపిల్లలకు విసుగొస్తుంది.

సమరియా లోయ నడవాలనుకుంటే బస లెక్క కాస్త మార్చాలి. ఒమాలోస్ పీఠభూమి మీది జిలోస్కలో నుంచి ఆయా రూమెలి దాకా 16 కి.మీ., 1,200 మీటర్లకు పైగా దిగుడు. మే మొదటి నుంచి అక్టోబరు చివరి దాకా, వాతావరణం అనుకూలిస్తేనే తెరుస్తారు. చాలామంది ఒకే రోజులో నడిచి, సాయంత్రం ఫెర్రీ పట్టుకుని, బస్సులో హన్యా చేరతారు. ఫెర్రీ తప్పితే ఆయా రూమెలి నుంచి బయటపడే రోడ్డు లేదు. ఆ ఊళ్ళోనే ఒక రాత్రి గది తీసుకుంటే తొందర ఉండదు, మోకాళ్ళకు సముద్రస్నానం మందులా పనిచేస్తుంది. పెద్ద పెట్టెలు హన్యా గదిలోనే ఉంచమని అడిగి చిన్న సంచితో దిగండి.

డబ్బు దగ్గర చాలామంది ఖంగుతినేది బస మీద గ్రీసు ప్రభుత్వం వేసే వాతావరణ రుసుము విషయంలో. ఇది బుకింగ్ ధరలో సాధారణంగా ఉండదు, గది దగ్గరే కట్టాలి. మనిషికి కాదు, గదికి, రాత్రికి. 2025 నుంచి ఉన్న రేట్ల ప్రకారం ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఒకటి, రెండు నక్షత్రాల హోటళ్ళకు 2 యూరోలు, మూడు నక్షత్రాలకు 5, నాలుగింటికి 10, అయిదింటికి 15. లైసెన్సున్న అద్దె గదులకు 2, సైట్లలో ఇచ్చే సొంత ఫ్లాట్లకు 8. అంటే ఏడు రాత్రులకు అద్దె గదుల్లో 14 యూరోలు, ఫ్లాటులో 56, నాలుగు నక్షత్రాల హోటల్లో 70. ధరలు పోల్చేటప్పుడు ఇది కలపకపోతే 'చవక ఫ్లాటు' చవక కాకుండా పోతుంది. అద్దె గదులకు నక్షత్రాల బదులు తాళంచెవుల గుర్తులుంటాయి. కుటుంబాలు నడిపే ఇలాంటివే చాలాసార్లు డబ్బుకు తగ్గ బస. సొంత ఫ్లాటయితే ప్రకటనలో ప్రభుత్వం ఇచ్చే ఏఎంఏ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. లేకపోతే వదిలేయండి.

షెంగెన్ వీసాకు ప్రతి రాత్రికీ బస రుజువు చూపాలి. గదులు మూడైనా ఇబ్బంది లేదు, తేదీల మధ్య ఖాళీ ఉండకూడదు. ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి హన్యా దగ్గరి సూడా రేవుకు రాత్రి ఫెర్రీలో వస్తే ఆ రాత్రికి ఫెర్రీ టికెట్టు జతచేయండి. వీసా వచ్చేదాకా రద్దు చేసుకోగలిగే బుకింగులే తీసుకోవాలి. ఆ ఫెర్రీ తెల్లవారుజామున దించేస్తుంది, గది మాత్రం మధ్యాహ్నం గానీ ఇవ్వరు. సామాను ముందే పెట్టుకోనిస్తారా అని అడిగి ఉంచండి. కారు కావాలంటే మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ బయల్దేరేముందే ఆర్టీఏలో తీసుకోవాలి. ఆటోమేటిక్ గేరు బళ్ళు తక్కువ, నెలల ముందే చెప్పుకోవాలి.

గదిలోకి వెళ్ళాక మనవాళ్ళకు వింతగా తోచేవి మూడు. టాయిలెట్ పేపరు కమోడులో వేయకూడదు, పక్కనున్న బుట్టలో వేయాలి. గొట్టాలు సన్నవి, మూసుకుపోతాయి. హెల్త్ ఫాసెట్ దాదాపు ఎక్కడా ఉండదు, చిన్న మగ్గు ఒకటి పెట్టెలో పడేసుకోండి. వేడినీళ్ళు మిద్దె మీది సోలార్ ట్యాంకు నుంచి వస్తాయి. సాయంత్రం పుష్కలం, అందరూ స్నానాలు చేశాక పొద్దున్నే చల్లబడతాయి. స్విచ్‌బోర్డులో గీజరు స్విచ్ ఏదో మొదటిరోజే అడిగి తెలుసుకుంటే, అరగంట ముందు వేసుకోవచ్చు.

శాకాహారులు హడలిపోవాల్సిన పనిలేదు. గుమ్మడి జాతి కూరగాయ, బంగాళాదుంప, మిజిత్రా జున్ను పొరలుగా కాల్చిన బూరెకి హన్యా వంటకమే. ఎండు రొట్టె మీద టొమాటో తురుము వేసిన దాకోస్, ఉడకబెట్టిన ఆకుకూర హోర్తా, టొమాటోల్లో, మిరపకాయల్లో బియ్యం కూరిన గెమిస్తా ప్రతి హోటల్లోనూ ఉంటాయి. గెమిస్తాలో మాంసం కూడా కలుపుతారు కాబట్టి అడిగి తీసుకోవాలి. వారం పొడుగునా అవే తినలేనివాళ్ళకు వంటగది ఉన్న స్టూడియోయే శరణ్యం. అక్కడి పెరుగు చిక్కగా ఉంటుంది, కాస్త నీళ్ళు కలిపితే పెరుగన్నానికి చక్కగా సరిపోతుంది.

చివరి రాత్రి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దక్షిణ తీరంలో పెట్టుకోవద్దు. గాలి పెరిగితే లూత్రో, ఆయా రూమెలి పడవలు ఆగిపోతాయి, విమానం మీకోసం ఆగదు. హన్యా పట్టణం నుంచి విమానాశ్రయం సుమారు 14 కి.మీ. ఆ రాత్రి నేయా హోరాలో పడుకుని, పొద్దున్నే ఒకసారి నీళ్ళలో మునిగి బయల్దేరవచ్చు.